ఇరవై ఐదు బారల తాడు

సాయంత్రం ఆరయ్యేసరికి నా చేతులు తాడు కోసం వెతుక్కుంటాయి. ఇరవై రెండేళ్ళ అలవాటు మరి. మావారిది చెట్లెక్కి కొమ్మలు కొట్టే పని. ఆరింటికి సందు మలుపులో వ్యాను చప్పుడయ్యేది. వెనకతలుపు తీసి, తాడు చుట్ట తెచ్చి నా ఒళ్ళో పడేసేవారు. నేను మెట్టు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆ చివర నుంచి ఈ చివరకు వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చేదాన్ని. ఇరవై ఐదు బారలు. లోపల పోగు తెగితే పైకి కనిపించదు, వేలికి తెలుస్తుంది. అక్కడ తాడు ఎముకలేని వేలులా మెత్తగా వంగుతుంది. చివరిదాకా చూసి నేను "బాగుంది" అనాలి. నేననందే అది మర్నాడు గడప దాటదు. అది ఆయన పెట్టిన పద్ధతి.

ఆయన పోయి నాలుగు నెలలు. తాడు మూలగదిలో సంచిలో ఉంది, చేతులు మాత్రం ఊరుకోవు. మొన్న మిక్సీ వైరు నొక్కుకుంటూ ప్లగ్గు దాకా పోయి "బాగుంది" అన్నాను. ఎవరితో అన్నానో మరి. నిన్న పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి ఏదో చెబుతోంది. నేను ఊఁ కొడుతూ ఆవిడ కుక్కకు కట్టిన తాడు పట్టుకుని, నొక్కుకుంటూ నొక్కుకుంటూ కుక్క మెడ దాకా వెళ్ళాను. అది నా మొహంలోకి జాలిగా చూసింది.

"ఏంటక్కా, మా కుక్క బాగుందా?" అంది ఆవిడ.

నవ్వొచ్చింది. ఈ మధ్య రాకూడని చోటల్లా నవ్వొస్తోంది నాకు. పలకరించడానికి వచ్చినవాళ్ళు అందరూ ఒకే మాట అడుగుతారు, "చెట్టు మీంచి పడ్డాడా?" అని. కాదండీ, సెలూను కుర్చీలో అంటాను. వాళ్ళ మొహాలు చూడాలి. అరవై అడుగుల చెట్ల మీద ఏమీ కాని మనిషి, అడుగున్నర ఎత్తు కుర్చీలో, మెడకు తెల్లగుడ్డ కట్టించుకుని, ఒక చెంప గీయించుకుని, రెండో చెంప తిప్పమంటే తిప్పలేదు. గుండె అన్నారు. సెలూనాయన ఏడుస్తూనే రెండో చెంప కూడా గీసి ఇంటికి తీసుకొచ్చాడు. "సగం గెడ్డంతో పంపడానికి చేతులు రాలేదమ్మా" అన్నాడు.

చెట్టంత మనిషి పోయాడని అందరూ అంటారు. చెట్టంత ఏం కాదు, ఐదడుగుల రెండంగుళాలు. బట్టతల. నడుస్తుంటే కొంచెం కుడివైపుకు ఒరిగేవారు, ఎందుకంటే పాతికేళ్ళుగా బెల్టుకు కుడివైపే రంపం వేలాడుతుంది మరి. ఇంట్లో బల్బు మార్చమంటే మాత్రం స్టూలు ఊగుతోందని భయం. "నన్ను కట్టెయ్, అప్పుడెక్కుతా" అనేవారు.

మా వ్యాను సంగతి చెప్పాలి. దాని డ్రైవరు తలుపు నేను కాపురానికొచ్చిన ఏడాదే మూసుకుపోయింది, మళ్ళీ తెరుచుకోలేదు. ఆయన అవతలి తలుపులోంచి ఎక్కి, గేరు మీదుగా జరిగి కూర్చునేవారు. పక్కన కూర్చున్నవాళ్ళు దిగితేగాని ఆయన దిగడానికి లేదు. పైగా అది పల్లంలో దొర్లితేనే స్టార్టవుతుంది. అందుకని ఊళ్ళో ఏ టీకొట్టు టీ బాగుంటుందని అడిగితే, ఏటవాలు రోడ్డు మీద ఉన్నవన్నీ బాగుంటాయని చెప్పేవారు.

ఆ పక్కసీట్లో ఎప్పుడూ కూర్చునేది నేలబాబాయి. ఆయన చిన్ననాటి స్నేహితుడు, నన్ను వదినా అంటాడు. చెట్టు కింద నిలబడి తాడు పట్టుకోవడం అతని పని. పాతికేళ్ళు చెట్లపనిలో ఉండి నేల మీంచి జానెడు లేవలేదు. "నేల విడిచి సాము చెయ్యకూడదు వదినా" అంటాడు. అందుకే మా అమ్మాయి చిన్నప్పుడు పెట్టిన ఆ పేరు అతుక్కుపోయింది. పైనుంచి కొమ్మ వదిలే ముందు ఆయన "తల!" అని కేకేసేవారు, కింద తలేమైనా ఉందా అని. బాబాయి చుట్టూ చూసి "లేదు!" అనాలి. ఇంట్లో కూడా అంతే. అటక మీంచి డబ్బా దించేటప్పుడు, మంచం మీంచి దిండు విసిరేటప్పుడు, "తల!" అనేవారు. నేను వంటింట్లోంచి "లేదు" అనేదాన్ని. ఓసారి ఊరి నుంచి వచ్చిన మా పెద్దమ్మ ఆ మాట విని, పెళ్ళాం మొగుడికి తల లేదంటోందని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక విసురుసంచి. ఎత్తుకొమ్మ మీదికి తాడు పోవాలంటే ముందు గుప్పెడంత గుడ్డసంచికి సన్నదారం కట్టి విసురుతారు. అది కొమ్మ మీదుగా అవతలికి పడి, తన బరువుకు తనే కిందికి దిగుతుంది. అప్పుడు ఆ దారానికి పెద్దతాడు కట్టి లాక్కోవడం. సంచి కుట్టేదాన్ని నేనే, ఆయన పాత ప్యాంటు మోకాళ్ళతో. లోపల ఇసుక. ఆరేళ్ళ కిందట ఓ వానాకాలం పొడి ఇసుక దొరక్క, బరువు బరువేగా అని కళ్ళుప్పు పోసి కుట్టేశాను. బ్యాంకు ఆవరణలో నీలగిరి చెట్టు. సంచి విసిరారు, బ్రహ్మాండంగా కొమ్మెక్కింది, అదే నిమిషాన వాన దంచింది. తగ్గేదాకా వ్యాన్లో కూర్చున్నారు. తగ్గాక చూస్తే ఉప్పంతా కరిగి కారిపోయింది, వట్టిగుడ్డ కొమ్మకు చుట్టుకుని దిగనంటోంది. బ్యాంకువాళ్ళంతా బయటికొచ్చి తలలెత్తి చూస్తున్నారట. ఆయన ఇంటికొచ్చి ఒక్కమాట అన్లేదు. సాయంత్రం అన్నంలో ఉప్పు తక్కువైందని నేనంటే, "బ్యాంకులో ఉంది, తెచ్చుకో" అన్నారు. "రాసి పెట్టుకుంటాను, ఇది మర్చిపోకూడదు" అని కూడా అన్నారు. ఎక్కడ రాసుకున్నారో చెప్పలేదు.

అన్నిటికన్నా గట్టి పద్ధతి ఇంకొకటుంది. ఏ సాయంత్రమైనా నా వేలికి మెత్తదనం తగిలి "బాగాలేదు" అన్నానా, ఆ తాడును చీకటి పడేలోపు ముక్కలు చెయ్యాలి. కొత్తదైనా సరే, ఆయనకు ప్రాణమైనా సరే. రెండేసి బారల ముక్కలు. ఎందుకంటే నిండుతాడు మూలన కనిపిస్తే రేపు ఎవరో ఒకరు, ఒక్కసారికేం కాదులే అని, కట్టుకుని ఎక్కేస్తారు. ముక్కల్ని ఎవరూ నమ్మరు. అలా ఎనిమిది తాళ్ళు కోశాను నా చేత్తో. ఆ ముక్కలే మా సందు నిండా బట్టలారేసే తీగలు. ఇప్పుడు మూలగదిలో సంచిలో ఉన్నది తొమ్మిదోది.

మంగళవారం సాయంత్రం మా అమ్మాయి ఆ సంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

దానికి ఇరవై ఒకటి. కొరియరు ఆఫీసులో పార్సిళ్ళకు స్టిక్కర్లు అంటిస్తుంది. వాళ్ళ నాన్న చిటారు అని పిలిచేవారు, చిటారు కొమ్మ అని. దాని వెనక నేలబాబాయి, తప్పు చేసినవాడిలా చెప్పులకేసి చూసుకుంటూ నిలబడ్డాడు.

"హెడ్‌మిస్ట్రెస్‌గారు మళ్ళీ ఫోన్ చేశారమ్మా" అంది. "చెట్టు ఒకవైపే కొట్టి ఉంది. రెండు కొమ్మలు మిగిలాయి. గాలొస్తే ఆవిడ పడగ్గది మీద పడేలా ఉన్నాయట."

అది ఆయన ఆఖరి పని. గెడ్డం గీయించుకుని వచ్చి మిగతా సగం కొడతానని దిగొచ్చారు. పాపం హెడ్‌మిస్ట్రెస్‌గారు రిటైరైన మనిషి, నాలుగు నెలలుగా మర్యాదకు ఊరుకుంది.

"వేరే ఎవరినైనా పిలుచుకోమను."

"గురువారం నేనెక్కుతున్నా."

నేను బాబాయి వైపు చూశాను.

"నాకేసి చూడకు వదినా. నేను నేల మనిషిని."

"నీకెప్పుడొచ్చిందే ఎక్కడం?" అన్నాను, తెలియనట్టు.

తెలుసు నాకు. ఆదివారాలు తండ్రీ కూతుళ్ళు లైబ్రరీకని చెప్పి పోయేవాళ్ళు. లైబ్రరీకి తాడెందుకని నేనడగలేదు. సాయంత్రం తాడే చెప్పేసేది. ముడి రాసుకున్నచోట తాడు నున్నబడుతుంది. ఆయన ఎక్కిన రోజు ఒకలా, ఆదివారం అందులో సగం. సగం బరువు మనిషి వేలాడిందన్నమాట. పైగా తాడుకు తలనూనె వాసన. ఆయన తలకు నూనెతో పనేముంది? అయినా "బాగుంది" అని చుట్టిపెట్టేసేదాన్ని. అప్పుడు ఆయన పక్కనుండేవారు కదా.

"మూడేళ్ళయింది" అంది అది. "సెలూను బాబాయి కూడా నాన్నకు రెండో చెంప గీశాడు కదమ్మా. ఆ చెట్టును మాత్రం సగం క్షవరంతో వదిలెయ్యమంటావా? చూసి చెప్పు."

చూసి చెప్పు అంటే తాడు చూడమని. ఎంత తెలివి చూడండి. వద్దంటే పోట్లాడుతుంది, ఆ సంగతి దానికీ తెలుసు నాకూ తెలుసు. తాడు మీద నా మాటకు మాత్రం ఎదురులేదు. వాళ్ళ నాన్నకే లేదు.

కళ్ళు మూసుకున్నాను. ఒక బార, రెండు బారలు. అబ్బ, ఎన్నాళ్ళకు. వేళ్ళకు ప్రాణం లేచొచ్చింది. బెరడు ధూళి ఇంకా ఉంది. పది, పదకొండు. ఏముంది, నిక్షేపంలా ఉంది తాడు. ఇరవై ఐదూ అయ్యాయి. "బాగుంది" అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట ఎంత బరువో నాకే తెలుసు. ప్రతి సాయంత్రం అనేసి, మర్నాడు ఆరింటిదాకా ఊపిరి బిగపట్టుకునేదాన్ని. మొగుడికోసం పట్టాను. బిడ్డకోసం కూడా పట్టమంటే ఆ ఊపిరి ఎక్కణ్ణుంచి తేను?

"బాగాలేదు" అన్నాను.



"ఎక్కడ?" అంది చిటారు.

"మధ్యలో."

అది నా పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని, మధ్యలో నాలుగు బారలు అటూ ఇటూ నొక్కింది. "నాకు తగల్లేదే."

"నీ చేతులకేం తెలుసు, స్టిక్కర్లు అంటించే చేతులు."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "సరే మరి. బాగాలేదంటే చీకటిలోపు కొయ్యాలి. కత్తి తెమ్మంటావా వదినా?"

ఈ సంగతి నేను ఆలోచించలేదు. నా అబద్ధానికి తోకలా ఈ పద్ధతి వెనకాలే వస్తుందని తట్టలేదు. బాబాయి వంటింట్లోకి పోయి కత్తి తెచ్చి మెట్టు మీద పెట్టాడు.

"ముందు టీ తాగుదాం" అన్నాను. టీ పెట్టాను. తాగారు. "కత్తి మొద్దుగా ఉంది" అన్నాను. బాబాయి గుమ్మం బండకేసి పదును పెట్టాడు. "కొలవాలి కదా, టేపేదీ?" అన్నాను. "ఎప్పుడూ చేతుల్తోనేగా కొలుస్తావు?" అన్నాడు. "చేతులు నొప్పి" అన్నాను. అప్పటికి మా అమ్మాయి మూతి బిగించి అటు తిరిగింది. నవ్వాపుకుంటోందని వీపు చూస్తే తెలుస్తోంది.

"అయితే అమ్మా, కోసే ముందు మన బాదం చెట్టు మీద ఒక్కసారి వేలాడి చూస్తా. తెగితే నీ మాట నిజం" అంటూ బెల్టు తగిలించుకోబోయింది.

"ఆగు. నువ్వొద్దు. నేను వేలాడతా."

ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. బాబాయి నోరు తెరిచాడు.

"వదినా, బాగాలేని తాడన్నావు కదా?"

"అన్నాను. అయితే?"

"ఏం లేదు. ఊరికే అడిగా."

"మా అమ్మకు ధైర్యం ఎక్కువ బాబాయ్. నాన్న కూడా అనేవాడు" అంది చిటారు.

"నన్ను మునగచెట్టు ఎక్కించకే."

"మునగ ఎందుకమ్మా, పుటుక్కున విరుగుతుంది. బాదం గట్టిది."

చీరతో బెల్టు పడదు. కాళ్ళ చుట్టూ రెండు పట్టీలుంటాయి దానికి. ఆయన పనిప్యాంటు వేసుకున్నాను. పొడుగు సరిపోయింది, నడుం సరిపోలేదు, పైన పిన్నీసు పెట్టాం. కొక్కేలు గలగల్లాడుతుంటే జీను వేసిన గుర్రంలా ఉన్నానని నాకే అనిపించింది. చిటారు ఆయన హెల్మెట్టు చేతికిచ్చింది. పెట్టుకోబోతూ లోపలికి చూశాను. ఎర్రపెన్సిలుతో, కింద రెండు గీతలు కొట్టి, ఆయన వంకర అక్షరాలు: ఉప్పు కాదు. ఇసుక.

రోజూ పొద్దున్నే తలకు పెట్టుకునే ముందు ఇది చూసుకున్నారన్నమాట, ఆరేళ్ళుగా. నవ్వు మొదలైంది. ఆగలేదు. బాబాయి ఏంటని చూసి, అతనూ అందుకున్నాడు. ముగ్గురం బాదం చెట్టు కింద పొట్టలు పట్టుకుని నిలబడ్డాం. కాసేపటికి కళ్ళు తుడుచుకోవాల్సొచ్చింది ముగ్గురికీ, ఎవరూ ఎందుకని అడగలేదు.

చిటారు ఇసుకసంచి విసిరింది. ఒక్క విసురుకే కొమ్మ దాటింది. వాళ్ళ నాన్నకు మూడు విసుర్లు పట్టేవి. కప్పీని పైకి లాగి కట్టి, అందులోంచి తాడు వేసి, ఆ చివర నా బెల్టుకు ముడి పెట్టింది. ముడిని మూడుసార్లు లాగి చూసింది. దాని మొహం అంత దగ్గరగా, అంత గంభీరంగా నేనెప్పుడూ చూడలేదు. నేనేదో పార్సిలునైనట్టు, విలువైన పార్సిలునైనట్టు.

"కాళ్ళు చెట్టుకు తన్ని పెట్టమ్మా. కిందికి చూడకు."

"లాగు బాబాయ్" అంది అతని వైపు తిరిగి.

"వ్యానుకు కట్టి లాగుదామా?" అన్నాడు బాబాయి, మొదటి లాగుకే రొప్పుతూ.

"వదినంటే మర్యాద లేకుండా పోయింది నీకు."

కాళ్ళు లేచాయి. అంతే. నా కింద నేల లేదు. నలభై నాలుగేళ్ళలో స్టూలు కన్నా ఎత్తెక్కని మనిషిని, గింగిరాలు తిరుగుతూ పైకి పోతున్నా. ఇల్లు, గోడ, వ్యాను, బాబాయి, ఇల్లు, గోడ, వ్యాను, బాబాయి. అరుద్దామని నోరు తెరిస్తే మళ్ళీ నవ్వే వచ్చింది. ఎడమకాలి చెప్పు జారింది.

"తల!" అన్నాను నాకు తెలియకుండానే.

"లేదు!" అని కింద నుంచి బాబాయి, పాతికేళ్ళ అలవాటుగా. చెప్పు మాత్రం పోయి అతని నెత్తి మీదే పడింది.

పదిహేను అడుగులుంటుందేమో. చెట్టు బోదె పట్టుకున్నాక తిరగడం ఆగింది. కిందికి చూడొద్దంది గాని, చూడకుండా ఎలా? మా సందు మొత్తం కనిపించింది. ప్రతి పెరట్లో మా తాళ్ళే. నీలం తాడు మీద పక్కింటావిడ దుప్పట్లు, నారింజరంగు తాడు మీద ఎవరిదో యూనిఫారం, ఆ చివర డాబా మీద ఆకుపచ్చది, నేను పెళ్ళయిన కొత్తలో కోసింది. అన్నీ గాలికి ఎగురుతున్నాయి. ఇన్నేళ్ళూ కింద నుంచి ఒక్కొక్కటిగా చూశాను గాని, అన్నీ కలిపి ఒకేసారి చూడలేదు. వ్యాను కప్పు మీద నిచ్చెన కట్టే చట్రంలో తళుక్కుమంటూ నా టిఫినుడబ్బా మూత. అది పోయిందని ఆర్నెల్ల కిందట పక్కింటావిణ్ణి అనరాని మాటలన్నాను.

ఇంకా కింద మా మెట్టు. నేను కూర్చునే చోటు, అక్కడ సిమెంటు నున్నగా అరిగి ఉంది. ఆయనకు చెట్ల మీంచి ఎప్పుడైనా ఇంటి మెట్టు గుర్తొచ్చేదా, రాదు లెండి, చేతిలో రంపముంటే ఏం గుర్తొస్తుంది. నా చెయ్యి మాత్రం తలకు పైన తాడును పట్టుకుని ఉంది. నొక్కి చూశాను. బరువు మీదున్న తాడు వేరు. ఒళ్ళో ఉన్నప్పుడు ఉండే మెతక లేదు, కడ్డీలా ఉంది. నా బరువంతా అది పట్టుకుని ఉంది. ఇరవై రెండేళ్ళు నేను దాన్ని పరీక్ష చేశాననుకున్నా. అది ఇటువైపు నుంచి ఎలా ఉంటుందో నాకేం తెలుసు?

"అమ్మా, దించమంటావా?"

"ఉండవే, ఇంకాసేపు."

"బాబాయి చేతులు లాగేస్తున్నాయట."

"పాతికేళ్ళు పట్టుకున్నాడు, ఇంకో నిమిషం పట్టుకోలేడా?"

దిగాక మెట్టు మీద కూలబడ్డాను, నేల ఇంకా తిరుగుతూనే ఉంది. చిటారు ముడి విప్పి, తాడు చుట్టి, నా పక్కన పెట్టింది. అబద్ధమాడానని ఒప్పుకోవడం ఒక ఎత్తు, "బాగుంది" అనడం ఇంకో ఎత్తు. ఆ రెండోది నోట్లోంచి రాలేదు.

బాబాయి ఆకాశం కేసి చూశాడు. "చీకటి పడుతోంది వదినా. కొయ్యాలంటే ఇప్పుడే కొయ్యాలి."

కత్తి తీసుకున్నాను. తాడు పక్కనే ఉంది, అందుకునేంత దూరంలో. చిటారు చేతులు కట్టుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడింది. వాళ్ళ నాన్న నిలబడినట్టే, కొంచెం కుడివైపుకు ఒరిగి. దానికింకా రంపం బరువు అలవాటైనా కాలేదు.

లేచి వంటింట్లోకి వెళ్ళి ఆ కత్తితోనే ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను.

"అమ్మా, తాడు?" అంది వెనక నుంచి.

"కత్తి మొద్దుగా ఉందే" అన్నాను. ఉల్లిపాయ చక్రాలు ఒకదాని వెనక ఒకటి కాగితాల్లా పడుతున్నాయి. బయట బాబాయి లైటు వేశాడు. మెట్టు మీద తాడు ఇరవై ఐదు బారలూ అలాగే ఉంది.